ముత్తెమ్మ విత్తన కుప్ప, మా మిషన్ మట్టి

మా అత్త ముత్తెమ్మ నాతో మాట్లాడేది కాదు. మా మధ్య గొడవేమీ లేదు. అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదన్నది ఆమె పుట్టిన ఏర్గట్లలో పద్ధతి. ఆమె తల్లి పాటించింది, ఆమె పాటిస్తుంది, అంతే. అంత పద్ధతి ఉన్న మనిషి అల్లుణ్ని ఇంట్లో పెట్టుకోకూడదు కదా. ఈమె ఏకంగా ఇల్లటం తెచ్చుకుంది. మామ గంగాకిషన్ పోయాక, ఒక్కగానొక్క బిడ్డ మంగను బయటికి పంపనని పట్టుబట్టి, ఇందల్వాయిలో నా మానాన నేను బతుకుతున్నవాణ్ని పెర్కిట్‌కు రప్పించింది. రప్పించి, ఏళ్ల తరబడి ఒక్క మాట మాట్లాడకుండా నాతో పనులన్నీ చేయించుకుంది.

మాట్లాడకపోవడమంటే నోరు మూసుకుని ఉండడం అనుకునేరు. అలాంటి అదృష్టం నాకు లేదు. నాకు చెప్పాల్సిందంతా బర్రెకు చెప్పేది. నేను వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంటే అటు తిరిగి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, "ఏమే బర్రె, పొద్దు గూకవట్టె. పొలంల మోటరు బందు జేయనీకి ఎవలన్న పోతరో లేదో" అనేది. బర్రె నెమరేసుకునేది. నేను లేచి పోయేవాణ్ని. ఒక ఎండాకాలం బర్రెను అమ్మేసింది. అప్పుడు గోడకు చెప్పడం మొదలుపెట్టింది. గోడ పెచ్చులూడిపోతోందని, సున్నం వేయించే దిక్కు లేదని ఆ గోడకే చెప్పుకుంది. మనిషికి ఎంత ఓపిక ఉండాలో మీరే చెప్పండి.

బర్రెతో తేలని పెద్ద సంగతులకు మంగ ఉంది. "మంగా, మీ ఆయనకు చెప్పు" అని ఆమె వంటింట్లోంచి, "మంగా, మీ అమ్మకు చెప్పు" అని నేను వాకిట్లోంచి. మధ్యలో గడప మీద నిలబడి నా భార్య మా ఇద్దరి మాటలూ మోసేది. నిజం చెప్పాలంటే నాకది అలవాటైపోయింది. మంగ తెచ్చే మాటలు బాగానే ఉండేవి కూడా. ప్రతి ఏడూ పసుపు పెట్టే రోజుల్లో నడుము విరిగేలా వంగి దుంపలు పెట్టి ఇంటికొస్తే, "అమ్మ అన్నది, నీ అంత మంచిగ ఎవ్వలు పెడ్తలేరట" అని చెప్పేది. పోనీలే, ముసలిదానికి ఆ మాత్రం గుర్తింపు ఉంది అనుకుని, మరుసటి రోజు ఇంకాస్త వంగేవాణ్ని.

ముత్తెమ్మ సంగతి ఇంకా చెప్పాలి. ఏదీ పారేయదు. రోడ్డు మీద తాడు ముక్క కనబడితే తెస్తుంది, సిమెంటు సంచి కనబడితే ఉతికి ఆరేస్తుంది, డ్రమ్ము మూత దొరికితే కుండ మీద పెడుతుంది. మా కొట్టంలోకి పోవాలంటే పక్కకు తిరిగి పోవాలి. పారేద్దామని ఏదైనా బయట పెడితే సాయంత్రానికి అది మళ్లీ లోపల ఉంటుంది. బర్రె దగ్గర మాత్రం నా మీద ఫిర్యాదు నడుస్తుంది.

ఇన్ని వస్తువుల మధ్య ఆమె ప్రాణం పెట్టుకున్నది ఒక్కటే, విత్తన పసుపు. అది ఆమె తల్లిగారిది. పెళ్లయిన ఏడు ఏర్గట్ల నుంచి మూట కట్టి తెచ్చుకుంది. అప్పటి నుంచి బజారులో విత్తనం కొన్నది లేదు. కోస్తే లోపల ఎర్రగా ఉంటుందని, ఆర్మూరు మార్కెట్‌లో అలాంటిది కుప్పకొకటి కూడా కనబడదని ఆమె నమ్మకం. పక్కింటి భాగ్యవ్వ ఎన్నోసార్లు అడిగింది. ఒక గంప ఇస్తే ఏం పోయేది? ఇవ్వలేదు. "వాళ్లింట్ల కలిసిపోతది, మల్ల మనది మనకు దొరకది" అనేసింది. ఆ విత్తనం లోకం మొత్తం మీద మా కొట్టంలోనే ఉండేది.

పసుపు తవ్వగానే మంచి దుంపలు ఏరి, కొట్టంలో నీడన కుప్ప పోసేది. దాని మీద ఎండిన పసుపు ఆకు కప్పి, ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తేది. నెత్తి మీద పిడికెడంత బొక్క వదిలేది, గాలి ఆడడానికి. ఇక తొలకరి దాకా ప్రతి పొద్దునా మొహం కడగకముందే పోయి కుప్పకు అరచెయ్యి ఆనించి చూసేది. చల్లగా ఉంటే ఆ రోజు ఇంట్లో అందరికీ చాయ్ దొరికేది.

రెండు వేల ఎనిమిది ఎండాకాలం. పెర్కిట్ దగ్గర హైవేను నాలుగు లైన్లు చేస్తున్నారు. అదే సమయంలో సబ్‌స్టేషన్ నుంచి రోడ్డు ఇవతలికి కొత్త కరెంటు కేబులు భూమిలో వేయాల్సి వచ్చింది. రోడ్డును కోయడానికి ఒప్పుకోలేదు. అందుకని కాంట్రాక్టరు ఒక మిషన్ తెప్పించాడు. రోడ్డుకు అవతల మిషన్ పెట్టి ఏటవాలుగా రాడ్డును లోపలికి పంపితే, అది రోడ్డు కింద నుంచి పోయి ఇవతల తేలుతుంది. తర్వాత ఆ రాడ్డుకు లావుపాటి తల బిగించి వెనక్కి లాగుతూ బొక్కను వెడల్పు చేస్తారు. ఆఖరున పైపు తగిలించి ఒక్క ఊపున లాగేస్తారు. ఆ పైపులోంచి కేబులు పోతుంది. పైన లారీలు పోతూనే ఉంటాయి.

పెళ్లికి ముందు నేను బోరు లారీ మీద పని చేశానని తెలిసి, సైటు ఇంజనీరు దయానంద్ సారు నన్ను పిలిచి మట్టి కలిపే పనికి పెట్టుకున్నాడు. బెంటోనైట్ అని బస్తాల్లో వస్తుంది, మెత్తటి పొడి. తొట్టిలో నీళ్లు పోసి తిప్పితే అంబలిలా చిక్కబడుతుంది. దాన్ని రాడ్డు గుండా లోపలికి కొడితే బొక్క గోడలకు పట్టుకుని కూలకుండా ఆపుతుంది. అది పట్టుకున్న చోట నీళ్లు ఇంకవు, గాలి దూరదు. ఎంత నీళ్లు పోస్తే అంత ఉబ్బుతుంది. దాని గుణమే అది.

ఆ పనిలో మట్టి కంటే జనంతో ఎక్కువ విసిగిపోయాను. రోడ్డు మీద పోయే ప్రతివాడూ ఆటో ఆపి, "నీళ్లు వడ్డయా అన్నా?" అని అడగడమే. బోరు కాదని చెబితే, "మరి బోరు మిషన్ ఎందుకు వెట్టిన్రు?" అంటాడు. కేబులు కోసమని చెబితే, "మరి ఎప్పుడు తవ్వుతరు?" అంటాడు. తవ్వకుండా పోతుందని చెబితే నా మొహం వైపు జాలిగా చూసి ఆటో ఎక్కేస్తాడు. ఒక పెద్దమనిషి రోజూ వచ్చి, బోరు అడ్డంగా వేస్తే నీళ్లు ఒలికిపోతాయి కదా అని నాకు నచ్చజెప్పేవాడు.

నా తలరాత కొద్దీ రాడ్డు తేలే చోటు మా ఇంటి వెనక ఖాళీ జాగా అంచుకు వచ్చింది. అక్కడ ఒక గుంత తీశారు. లోపలి నుంచి వచ్చే మట్టి ఆ గుంతలో చేరి, పైన నీళ్లు ఆరిపోయాక వెన్నలా మెత్తగా, బూడిద రంగులో నిలిచేది. ఒక్క రాయి ఉండదు, ఒక్క గడ్డి పోచ ఉండదు. దాన్ని చూసి మా అత్త ఊరుకుంటుందా?

పైగా ఆ ఏడు ఆమెకు ఎర్రమట్టి సరిపడా దొరకలేదు. ఏటా రోడ్డు పక్క దిబ్బ నుంచి తెచ్చుకునేది, ఆ దిబ్బను రోడ్డు పని వాళ్లు చదును చేసి పారేశారు. అప్పటికి కొత్త బర్రె వచ్చింది, దానికి ఈ సంగతి రోజూ వినిపించేది. ఎండలకు కుప్ప మీది మెత్తుడు పగుళ్లిచ్చింది, మళ్లీ మెత్తాలి. ఒక సాయంత్రం ఆమె గుంత దగ్గర కూర్చుని ఆ మట్టిని రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తుంటే నా కంటబడింది.

ఆమె భాగ్యవ్వ ఇంటికి పోగానే మంగను పిలిచాను. "మీ అమ్మకు చెప్పు. గా మిషన్ మట్టి ముట్టొద్దు. కుప్పకు పూసిందనుకో, గాలాడక లోపలిదంత ఉడికి కుళ్లిపోతది. ఇంట్ల చెత్తంత నింపింది సాలదా, గిది గూడ గావాల్నా? చెవుల వడేటట్టు చెప్పు."

"సరే, చెప్త" అంది మంగ.

మరుసటి రోజు అడిగాను. "చెప్పిన. మంచిదన్నది" అంది. నేను నా పనిలో పడిపోయాను. పొద్దున పోతే పొద్దుగూకాక రావడం, తినడం, పడుకోవడం. ఒకసారి కొట్టంలోకి తొంగి చూస్తే కుప్ప ఎప్పటిలాగే ఎర్రగా అలికి ఉంది. మట్టి ఎక్కడో సంపాదించింది, గట్టిదే అనుకున్నాను.

పైపు లాగే రోజు వచ్చింది. ఆ పని మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే బొక్క కూరుకుపోయి పైపును పట్టేస్తుంది, అప్పుడు ముందుకూ రాదు, వెనక్కూ పోదు. మట్టి అంబలి ఆగకుండా పోతూ ఉండాలి, అంటే నేను తొట్టి దగ్గర నుంచి కదలకూడదు. దయానంద్ సారు పొద్దున్నే ఆ మాట నాకు నాలుగైదు రకాలుగా చెప్పాడు.

పైపు సగం దూరం వచ్చింది. అప్పుడు చూశాను, మా అత్త ఎర్రటి ఎండలో, కాళ్లకు చెప్పులు లేకుండా, మోచేతుల దాకా బూడిద రంగు మట్టితో లారీల మధ్య నుంచి రోడ్డు దాటుకుని వస్తోంది. మంగ మార్కెట్ యార్డులో కూలికి పోయింది. ముత్తెమ్మ నేరుగా దయానంద్ సారు దగ్గరకు పోయి, కొంగు సర్దుకుని నిలబడింది.

"సారూ, గా ఆయనకు జర చెప్పు. కుప్ప కాలుతుందని చెప్పు."

"ఏ ఆయనకు?"

"గా మట్టి కలిపే ఆయనకు."

"ఎదురుంగనే ఉన్నడు గదమ్మా. నువ్వే చెప్పు" అన్నాడు సారు, మిషన్ మీది ముల్లు నుంచి చూపు తిప్పకుండా.

ఆమె నేల చూపులు చూసింది. అక్కడ బర్రె లేదు, గోడ లేదు. ఏం చేసిందో తెలుసా? నా పక్కన పేర్చి ఉన్న బెంటోనైట్ బస్తాల వైపు తిరిగి వాటికి చెప్పడం మొదలుపెట్టింది. మిషన్ చప్పుడులో పెదవులు కదలడం తప్ప ఒక్క ముక్క వినబడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది ముందు, ఇంత పనిలో, బస్తాలతో మాట్లాడే మనిషిని ఏం చేయాలి? "వినవడుతలేదు" అని అరిచాను, నేను కూడా బస్తాల వైపే చూసి. అదీ నా పరిస్థితి.

అప్పుడామె బస్తాలను వదిలేసి నా ముందుకు వచ్చి నిలబడింది. కొంగు వెనక్కి జారిపోయింది, సర్దుకోలేదు. నా మొహంలోకి చూసింది. ఆమె కళ్లు పిల్లికళ్లని అంతవరకు నాకు తెలియదు.

"బిడ్డా, చెయ్యి వెడితే కుప్ప కాలుతుంది. మీ మట్టి పూసిన. నెత్తి మీద బొక్క వదిలిన గని, అది జారి మూసుకున్నది. కడుగుదామని రెండు బిందెలు నీళ్లు వోసిన, ఇంక గట్టిగ పట్టుకుంటుంది. ఎట్ల తియ్యాలె, చెప్పు."

నాకు మొదట వచ్చింది కోపమే. "ముట్టొద్దని మంగతోని చెప్పి పంపిన గదా. మల్ల ఎట్ల పూసినవ్?"

"ముట్టొద్దన్నవా?" ఆమె నోరు తెరిచింది. "గంప మొయ్యకు, నడుము నొస్తది అని నువ్వన్నవని చెప్పింది. అల్లుడు నా నడుము గురించి ఫికర్ జేస్తున్నడని సంబురమైంది. గందుకే ఒక్కసారి గాకుంట జర జర మోసిన. సక్కగ కనవడాలెనని పైన మిగిలిన ఎర్రమట్టి అలికిన."

నడుము. నేను ఏం చెప్పాను, అది అక్కడికి ఏమై చేరింది. ఆ క్షణాన మంగ ఎదురుగా ఉంటే ఏమనేవాణ్నో నాకే తెలియదు. దయానంద్ సారు ఇటు తిరిగి, "పైపు బయటికి వచ్చేదాక నువ్వు కదలొద్దు భూమేశ్వర్" అన్నాడు. నేను పోలేను, పోవాల్సింది ఒక్క నా మాటే, మోసుకుపోవడానికి మధ్యలో ఎవరూ లేరు.

తొట్టిలో మట్టి తిప్పుతూనే ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాను. "సుక్క నీళ్లు గూడ పొయ్యకు. నీళ్లకు అది ఉబ్బుతది. పక్క పొంటి గడ్డపార గుచ్చి, లోపలి ఆకుతోని కలిపి పలకలు పలకలు గుంజు. మట్టి ఆకును వట్టుకోని ఉంటది, ఆకును గుంజితే అదే వస్తది. దుంపలు నీడల పరిచిపెట్టు, ఒకదాని మీద ఒకటి వెయ్యకు. మెత్తగున్నయి అవుతల పడెయ్యి, మంచియాటిల కలపకు. నీకు పడేసుడు ఇష్టముండదని ఎర్క. పడెయ్యకపోతే మొత్తం పోతది."

ఇన్నేళ్లలో నేను ఆమెతో నేరుగా మాట్లాడింది అదే మొదటిసారి. ఒక్క మాటకూ తీపి లేదు. ఆమె తల ఊపి, లారీలు ఆగేదాకా ఆగకుండానే రోడ్డు దాటి పోయింది.

పైపు మూతి మిషన్ దగ్గర తేలేసరికి పొద్దు వాలింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తాను. కొట్టంలో అడుగు పెట్టకముందే ఉడికిన పసుపు వాసన, దానితో కుళ్లు వాసన. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. పలకలు ఒక పక్క, పారేసినవి ఒక పక్క, మిగిలినవి సిమెంటు సంచుల మీద ఒక్కొక్కటిగా పరిచి ఉన్నాయి. పారేసిన గుట్టే పెద్దది. పైన ఉన్నవన్నీ చేత్తో నొక్కితే ఉడికిన గడ్డల్లా చితికిపోతున్నాయి. అడుగున మధ్యలో ఉన్నవే గట్టిగా, చల్లగా దొరికాయి.

ముత్తెమ్మ ఏడుస్తోంది. అంతకుముందు ఆమె ఏడవడం నేను చూడలేదు, మామ పోయినప్పుడు నేను లేను. "మా అవ్వ చేతిది బిడ్డా" అంది. నాకూ ఏడుపొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. ఆమె పక్కన కూర్చుని దుంపలు ఏరాను.

మంగ వచ్చాక అడిగాను. "నేను చెప్పిందేంది, నువ్వు చెప్పిందేంది?"

మంగ ముందు ఆ గుట్టను చూసింది. తర్వాత గడప మీద కూలబడింది, ఎప్పుడూ నిలబడే గడప మీద. "ఇంట్ల చెత్త నింపింది అన్నవ్. అది చెప్పాల్నా అమ్మకు? అది తీసేసి చెప్దామనుకున్న, మొత్తం వొంకర పోయింది" అంది. కాసేపటికి తనకే కోపం వచ్చింది. "నువ్వన్నది నువ్వన్నట్టు, అమ్మ అన్నది అమ్మ అన్నట్టు చెప్తే మీరిద్దరు ఒక్క ఇంట్ల ఉందురా? నువ్వు ఏనాడో ఇందల్వాయి బస్సు ఎక్కుదువు. ఇన్నేండ్లు గీ ఇల్లు ఎట్ల నడిసిందనుకున్నవ్?"

ఇన్నేళ్లలో అత్త నిజంగా నన్ను ఏమేమి అన్నదో అడగబోయి ఊరుకున్నాను. నేనేమన్నానో అత్త కూడా అడగలేదు. ముగ్గురం ఆ రోజు భాగ్యవ్వ పంపిన గట్క తిన్నాం. అత్త విత్తనం ఇవ్వనన్నదని ఆమె మనసులో పెట్టుకోలేదు, అది వేరే సంగతి.

తొలకరి పడింది. మిగిలిన దుంపలు చేనులో ఒక మూలకే సరిపోతాయి. మిగతా చేనంతా మక్క వేద్దామన్నాను. బజారు పసుపు విత్తనం తెచ్చి పక్కన పెట్టడానికి ముత్తెమ్మ ఒప్పుకోలేదు, ఆ మొండితనం ఎక్కడికీ పోలేదు. అంతకుముందు ఏటా దుంపల గంప తెచ్చి గట్టు మీద పెట్టి, దూరంగా జరిగేది. నేను పోయి తీసుకునేవాణ్ని. ఈసారి గట్టు మీద పెట్టలేదు. నా ముందుకు వచ్చి, గంపను నా చేతుల్లో పెట్టింది.

సాలులో వంగి మొదటి దుంప పెట్టాను. వెనక నిలబడి చూస్తోంది. రెండోది పెట్టాను.

"గట్ల గాదు బిడ్డా" అంది. "మొలక కన్ను మీదికుండాలె. నువ్వు వచ్చిన యేడు సంది చూస్తున్న, నీకు పెట్టుడు రాదు. నువ్వు పెట్టిన సాలు ఎప్పుడైన సగమే మొలుస్తది. ప్రతి యేడు మంగకు చెప్తనే ఉన్న, మీ ఆయనకు జర చెప్పు అని. గీ సారన్న మంచిగ పెట్టు, ఇంక విత్తనం లేదు."

నేను తలెత్తి మంగ కోసం చూశాను. పక్క సాలులో ఉంది. అంతగా వంగాల్సిన పని లేకపోయినా నేలకు తల ఆనించేలా వంగి, దుంపలు పెడుతోంది.

పెట్టిన దుంపను బయటికి తీసి, తిప్పి, కన్ను పైకి వచ్చేలా మళ్లీ పెట్టాను. "గిట్లనా?" అని అత్తను అడిగాను.

"ఆఁ, గట్ల" అంది.